సీసపు రేకు మీద అడుగు

మ్యూరియల్‌కి చర్చిల పిచ్చి పట్టిందని లోస్టాఫ్ట్ రేవు ఊళ్లో వాళ్ల వీధంతా అనుకునేది. అందులో వీధిని తప్పుపట్టడానికేం లేదు. మొగుడు పోయాక ఈస్టరుకీ క్రిస్మస్‌కీ తప్ప చర్చి గడప తొక్కని మనిషి, అరవై దాటాక ఉన్నట్టుండి ప్రతి గురువారం ఆడపడుచు ఐవీ కారెక్కి సఫోక్ పల్లెల్లోని పాత చర్చిలన్నీ తిరగడం మొదలుపెడితే ఎవరైనా అదే అనుకుంటారు.

ఐవీ కూడా అదే అనుకుంది. మనసులో పెట్టుకునే రకం కాదు గనక మొహం మీదే అనేసింది.

“పరలోకంలో కిటికీ పక్క సీటు కావాలా వదినా? ఇన్ని చర్చిలు తిరుగుతున్నావ్?”

“నీకూ ఒకటి పట్టి ఉంచుతాలే. ముందు రోడ్డు చూసి నడుపు.”

ఐవీ భారీ మనిషి. ఆవిడ కూర్చోగానే ఆ చిన్న మోరిస్ కారు ఒక పక్కకి ఒరిగేది. మొగుడు రిటైరై, పెరట్లో పందేల పావురాల్ని పెంచుకుంటూ రోజంతా వాటితోనే మాట్లాడుతుండేవాడు. అంచేత గురువారం ఇంట్లోంచి బయటపడటానికి ఏ వంకైనా ఆవిడకి చాలు. గుడ్డు శాండ్‌విచ్‌లు మ్యూరియల్‌వి, ఫ్లాస్కులో టీ ఐవీది. చర్చి తలుపు తాళం పక్కనే ఏదో ఒక ఇంట్లో ఉండేది. అది అడిగి తెచ్చుకోవడం, తాళం ఇచ్చినవాళ్ల మోకాళ్ల నొప్పుల గురించి వినడం కూడా ప్రయాణంలో భాగమే.

అసలు సంగతి వేరే ఉంది. అది మ్యూరియల్ ఎవరికీ చెప్పలేదు, ముఖ్యంగా ఐవీకి.

పెళ్లికి ముందొకరోజు, హెర్బర్ట్‌తో సముద్రపు ఒడ్డున నడుస్తుంటే ఇసకలో పడ్డ తన అడుగుని చూసి అతను ఆగాడు. “ఇది రాత్రికి పోతుంది. పోకుండా ఉండే అడుగొకటి నాకుంది. ఒక చర్చి గంటల గోపురం మీద,” అన్నాడు. పాత చర్చిల్లో గోపురాల పైన చదునుగా ఉండే కప్పుల మీద సీసపు రేకులు పరుస్తారు. వాటి మీద పనిచేసినవాళ్లు, గంటలు మోగించేవాళ్లు, పని లేక పైకెక్కినవాళ్లు, అందరూ రేకు మీద కాలు పెట్టి, చుట్టూ మేకుతో గీసి, లోపల పేరులో మొదటి అక్షరాలు చెక్కి దిగిపోతారు. వందల ఏళ్లుగా ఇదే వరస.

“ఏ చర్చి?” అంది మ్యూరియల్.

“చెప్పను. చూస్తే నవ్వుతావు.”

“నవ్వను.”

“నవ్వుతావు. నీ సంగతి నాకు తెలీదా?”

ఎప్పుడో ఒకప్పుడు చెప్తాడులే అనుకుంది. పెళ్లయిన ఏడేళ్లకి ఒక జనవరిలో హెర్బర్ట్ చేపల పడవ తుపానులో చిక్కుకుంది. పడవా రాలేదు, మనుషులూ రాలేదు. శవపేటిక లేని ప్రార్థన జరిగింది. అప్పట్నుంచీ క్రిస్మస్‌కి వీధిలో ఆడవాళ్లంతా హాలీ కొమ్మల దండలు పట్టుకుని తమవాళ్ల సమాధుల దగ్గరికి వెళ్తుంటే, మ్యూరియల్ తన దండని తన తలుపుకే తగిలించుకుని లోపలికి వచ్చేసేది. దండ పెట్టడానికి ఆవిడకి చోటు లేదు. ముప్పై ఏళ్లు దాటినా ఆ వెలితి తీరలేదు.

అందుకే ఆ అడుగు కావాలి. బీరువాలో ఉన్న హెర్బర్ట్ ఆదివారం బూటుని గోధుమరంగు కాగితం మీద పెట్టి, చుట్టూ గీసి, కత్తిరించి సంచిలో వేసుకుంది. ప్రతి గోపురమూ ఎక్కి, హెర్బర్ట్ థర్టిల్‌కి గుర్తుగా హెచ్.టి. అనే అక్షరాలు కనిపిస్తే చాలు, ఆ కాగితాన్ని అక్కడ పరిచి చూసేది.

ఐవీకి ఎందుకు చెప్పలేదంటే, హెర్బర్ట్ విషయంలో ఆ ఇద్దరి మధ్య పంపకం ఎప్పుడూ తెగలేదు. ఈవిడకి “మా ఆయన”. ఆవిడకి “మా అన్నయ్య”. “మా అన్నయ్య చిన్నప్పుడు...” అని ఐవీ మొదలుపెట్టగానే మ్యూరియల్‌కి వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది. తనకి దక్కిందే ఏడేళ్లు, అందులో సగం అతను సముద్రం మీదే. ఐవీ దగ్గరేమో బాల్యం మొత్తం ఉంది. దాన్ని అలా టీతోపాటు ధారాళంగా పోస్తుంటే మ్యూరియల్‌కి ఒళ్లు మండేది. దొరికితే ఈ అడుగు తనొక్కదానిదే కావాలనుకుంది. ఇది చిన్నబుద్ధే, ఆవిడకీ తెలుసు.

దాచడం కష్టమేమీ కాలేదు. గోపురాల్లో మెలికలు తిరిగే ఇరుకు రాతిమెట్లలో ఐవీ పట్టదు. ఆవిడ కింద బల్ల మీద కూర్చుని టీ తాగుతూ, పైనున్న చెక్క దేవదూతల్ని లెక్కపెట్టేది.

తమాషా ఏమిటంటే, అడుగు కోసం వెళ్లిన మ్యూరియల్‌కి తెలీకుండానే ఆ చర్చిల మీద గాలి మళ్లింది. ఒకచోట తలుపు పక్క రాతి మీద సూర్యుడి నీడతో వేళ చూసుకోవడానికి గీసిన గీతలున్నాయి. మధ్యలో పుల్ల గుచ్చిన చిల్లు ఇంకా ఉంది. ఆవిడ వేలు పెట్టి చూసింది, సరిగ్గా పట్టింది. ఇంకోచోట చెక్క తెర మీద బొమ్మలుగా ఉన్న పునీతులందరి ముఖాలూ గీకేసి ఉన్నాయి. పాత మతాచారాల మీద కోపంతో ఎవరో కత్తి పట్టుకుని వరసగా గీకుతూ పోయారట. ఒక్క పునీతురాలి ముఖం మాత్రం వదిలేశారు. ఎందుకు వదిలేశారు? కత్తి మొద్దుబారిందా, భోజనానికి పిలుపొచ్చిందా, లేక ఆ ముఖం ఇంట్లో ఎవరినైనా గుర్తుచేసిందా? దారంతా మ్యూరియల్ దాని గురించే మాట్లాడింది.

“నాలుగొందల ఏళ్ల కిందటి మనిషికి ఎవరు గుర్తొచ్చారో తెలీక నీకు అన్నం సయించట్లేదా వదినా?”

“నీకు తెలుసుకోవాలని లేదూ?”

“నాకు ఈ దారిలో టాయ్‌లెట్ ఎక్కడుందో తెలుసుకోవాలని ఉంది.”

పాలరాతి సమాధుల్లో చేతులు జోడించి పడుకున్న దొరల్ని మ్యూరియల్ పెద్దగా పట్టించుకునేది కాదు. వాళ్ల పేర్లు వాళ్లే రాయించుకున్నారు. ఆవిడ వెతికేది స్తంభాల మీద, బల్లల వెనక, కిటికీ గట్ల మీద ఎవరో ఏమీ తోచక గీసిన గీతల్ని. ప్రసంగం సాగుతుండగా ఓడ బొమ్మ గీసినవాడొకడు, పెద్దబాతు గీసినవాడొకడు. రాణులు మారారు, ప్రార్థన భాష మారింది, గోడల మీది బొమ్మల మీద సున్నం పడింది, ఆ పెద్దబాతు మాత్రం అలాగే ఉంది. దాన్ని చూస్తే ఆవిడకి ధైర్యం కలిగేది. బాతు ఉన్నప్పుడు అడుగు ఎందుకుండదు?

హెచ్.టి.లు దొరక్కపోలేదు. ఒకటి చదరపు ముక్కు బూటు, రెండొందల ఏళ్ల నాటిది. ఇంకొకటి మరీ పెద్దది, హెర్బర్ట్ రెండు కాళ్లూ పట్టేంత. సాల్టర్‌హామ్ గోపురం మీద దొరికినది చిన్నది, మొన తేలిన ముక్కు, కిందన బుల్లి మడమ. చూడగానే ఆడవాళ్లదని తెలుస్తోంది.

“అది మా హన్నా,” అన్నాడు వెంట పైకొచ్చిన చర్చి పెద్ద గాడ్‌బోల్డ్, సొంత కూతుర్ని పరిచయం చేసినట్టు. ఆయన బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాడు. కథ చెప్పే అవకాశాన్ని వదులుకునే మనిషి కాదు. “రేకులు పరిచేవాడి పెళ్లాం. మొగుడికి జ్వరమొస్తే తానే పైకెక్కి పని పూర్తిచేసిందట. మా పైకప్పు మీద ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి.”

మ్యూరియల్‌కి హన్నా నచ్చింది. మొగుడి పక్కన నిలబడి పనిచేసే అదృష్టం దక్కిన మనిషి మరి. అయినా అలవాటు కొద్దీ కాగితం పరిచింది. పసిపిల్ల మీద పెద్దవాళ్ల దుప్పటి కప్పినట్టు అది అడుగుని మొత్తం కప్పేసింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

“వచ్చే వేసవికి ఈ రేకులన్నీ విప్పేస్తున్నాం,” అన్నాడు గాడ్‌బోల్డ్ దిగుతూ. “చినుకు పడితే కారుతోంది. పాత సీసం కరిగించి మళ్లీ పోయించాలి.” మ్యూరియల్ అయ్యో అంది. మర్యాదకి అన్న మాటే అది.

మరుసటి వేసవిలో ఒక గురువారం, మార్ల్‌హామ్ చర్చి గోపురంలో ఆవిడ మోకాలు మొరాయించింది. రెండు మెలికలు తిరిగిందో లేదో, కాలు ఇక లేవనంది. చీకట్లో మెట్టు మీద కూర్చుండిపోయి, చివరికి చిన్నపిల్లలా ఒక్కో మెట్టూ కూర్చుంటూ జారుతూ కిందికి వచ్చింది. గౌను వెనకంతా సున్నం. ఐవీ ఫ్లాస్కు మూత పక్కన పెట్టి పైకీ కిందికీ చూసింది.

“దేవుణ్ణి కలవడానికి పైదాకా ఎక్కక్కర్లేదు వదినా. కింద కూడా ఉంటాడని పాస్టరుగారు చెప్పారు.”

మ్యూరియల్ నవ్వలేదు. బల్ల మీద కూర్చుని మోకాలు పట్టుకుంది. నొప్పికి కాదుగానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకా చూడని గోపురాలు బోలెడున్నాయి, ఈ కాలు ఇక ఎక్కదు. ఈ భూమ్మీద హెర్బర్ట్ ఆనవాలు ఎక్కడో ఎండకీ వానకీ పడి ఉంటుంది, తను కిందనే ఉండిపోతుంది.

ఐవీకి భయమేసింది. వదిన ఏడవడం ఆవిడ చూసింది ఒక్కసారే, ఆ జనవరిలో.

“ఏంటి వదినా? పైన ఏముంది?”

ఇక దాచి లాభం లేదు. మ్యూరియల్ సంచిలోంచి కాగితం తీసి ఐవీ ఒళ్లో పెట్టి, అంతా చెప్పేసింది.

ఐవీ చాలాసేపు ఆ కాగితాన్నే చూసింది. మెడ దగ్గర్నుంచి ఎర్రబడుతూ వచ్చింది.

“నాలుగేళ్లు. నాలుగేళ్లుగా నిన్ను తిప్పుతున్నాను. దేవుడి కోసం అనుకుంటూ. మా అన్నయ్య కోసం తిరుగుతూ నాకు చెప్పలేదా? వాడు నాకేమీ కాడా?”

“నువ్వు ఆయన గురించి అన్నీ ఎరిగినదానివి. నాకంటూ ఒకటి ఉండాలనుకున్నాను,” అంది మ్యూరియల్. “తప్పే. తిట్టు.”

“తిడతాను. తీరిగ్గా తిడతాను, ఇప్పుడు కాదు.” ఐవీ కాగితాన్ని తిప్పి చూసింది. “ఇది ఏ బూటు?”

“ఆయన ఆదివారం బూటు.”

“పెళ్లప్పుడు కొన్నదా? వదినా, వాడు చర్చి పైకప్పుల మీద పనిచేసింది ఎప్పుడనుకున్నావ్?”

“నన్ను కలవడానికి ముందు. ఓ ఏడాది ముందు కావచ్చు.”

“నీ మొహం. బడి మానేసిన ఏడు. పద్నాలుగేళ్లు వాడికి. మా ఫ్రెడ్ మామయ్య సీసం పని చేసేవాడు, వెంట తీసుకెళ్లాడు. పదహారు నిండకముందే పడవెక్కాడు, మళ్లీ పైకప్పు మొహం చూళ్లేదు. అప్పటికి వాడు ఇంతే ఉండేవాడు.” ఐవీ తన భుజం దగ్గర చెయ్యి పెట్టింది. “ఆ ఏడు నాన్న కాలు విరిగి ఇంట్లో ఉన్నాడు. వాడికి బూట్లు కొనే దిక్కు లేదు. అమ్మ తన బూట్లు ఇచ్చింది.”

“అమ్మ బూట్లా?”

“ఆదివారం బూట్లు. గుండీలవి, మొన తేలినవి, కింద బుల్లి మడమ. వీధిలో పిల్లలు వెంటపడి ఏడిపించేవాళ్లు. వాడు చీకటి ఉండగానే బయల్దేరేవాడు, ఎవరి కంటా పడకూడదని. ఆ బూట్లు పాడైపోయి అమ్మ ఏడాదంతా చర్చికి వెళ్లలేదు. తలనొప్పి అనేది పాస్టరుగారితో. ఆవిడ బూట్లు మాత్రం వారమంతా చర్చి మీదే ఉండేవి.”

మ్యూరియల్ లేచి నిలబడింది. నొప్పి సంగతి మోకాలికే గుర్తులేదు.

“ఐవీ, కారు తియ్యి. సాల్టర్‌హామ్.”

ఐవీ ఎప్పుడూ నడపనంత వేగంగా నడిపింది. దారిలో ఒక ట్రాక్టరు ముందుకొచ్చి కదలకపోతే కిటికీ దించి ఆవిడ అన్న మాటలు గురువారం చర్చిలు తిరిగే మనిషి అనాల్సినవి కావు. మ్యూరియల్ సంచిని ఒళ్లో నొక్కిపట్టి కూర్చుంది. ఆ అడుగు మీద కాగితం పరిచింది తనే. హన్నా అని మెచ్చుకుని, మడిచి సంచిలో పెట్టుకుని, దిగి వెళ్లి శాండ్‌విచ్ తింది. వచ్చే వేసవికి విప్పేస్తున్నామని ఆయన చెప్తే అయ్యో అంది. ఇదే ఆ వేసవి.

సాల్టర్‌హామ్ మలుపు తిరగ్గానే గోపురం చుట్టూ ఇనప గొట్టాల పరంజా కనిపించింది. పైన కొత్త సీసం ఎండలో తళతళ మెరుస్తోంది. గాడ్‌బోల్డ్ చర్చి గేటు దగ్గర నిలబడి దాన్నే ముచ్చటగా చూస్తున్నాడు.

“పాత రేకులేవి?” అంది మ్యూరియల్, నమస్కారం కూడా లేకుండా.

“మొన్నే లారీలో వెళ్లిపోయాయమ్మా. ఈపాటికి కరిగించేసి ఉంటారు. మీ మోకాలు ఎలా...”

మ్యూరియల్ గేటు పట్టుకుంది. సముద్రం ఒకసారి తీసుకుపోయింది, ఇప్పుడు కొలిమి కూడానా అనిపించింది.

“అన్నీ వెళ్లాయా?” అంది ఐవీ.

“అన్నీ. మా హన్నా తప్ప.” గాడ్‌బోల్డ్ కొంచెం సిగ్గుపడ్డాడు. “ఆవిణ్ణి కరగనిస్తానా? ఆ ముక్క వరకూ కోయించి పక్కన పెట్టాను. పైనుంచి అనుమతి కూడా తెప్పించాను. లోపల గోడకి బిగిస్తున్నాం, కింద ఆవిడ కథ రాసి.”

ఇద్దరూ ఆయన్ని దాటుకుని లోపలికి నడిచారు. బాప్తిస్మపు తొట్టి పక్కన, బల్ల మీద గోనెపట్టా కప్పి ఏదో ఉంది. వెనకే వచ్చిన గాడ్‌బోల్డ్ పట్టా మీద చెయ్యి వేశాడు.

“ఆగండి,” అంది ఐవీ. “అది తియ్యకముందే నేనొకటి చెప్తాను. అది ఎడమ కాలు అయితే, మడమ లోపలి పక్క అరిగిపోయి ఉంటుంది. ఏటవాలుగా.”

“మీరు పైకెక్కలేదు కదా? మీకెలా తెలుసు?”

“మా అమ్మ నడక అది. నాదీ అంతే, చూడండి.” ఆవిడ తన బూటు మడమ ఎత్తి చూపించింది.

గాడ్‌బోల్డ్ పట్టా తీశాడు. బూడిదరంగు సీసం మీద ఎడమ బూటు. మొన తేలిన ముక్కు. బుల్లి మడమ, లోపలి పక్క ఏటవాలుగా తెగి ఉంది. మధ్యలో వంకరగా, లోతుగా, పిల్లవాడి చేత్తో చెక్కిన హెచ్.టి.

మ్యూరియల్ నోట్లోంచి ఏదో చప్పుడు వచ్చింది. అది నవ్వు. మొన తేలిన గుండీల బూట్లలో, వీధి పిల్లలకి కనపడకుండా చీకట్లో నడిచి, అంత ఎత్తెక్కి, అక్కడ మాత్రం ఎవరికీ జంకకుండా కాలు చాపి గీసుకున్న పద్నాలుగేళ్ల వెధవ కనిపించాడు ఆవిడకి. చూస్తే నవ్వుతావు అన్నాడు. అన్నట్టే నవ్వింది. బల్ల పట్టుకుని, కడుపు పట్టుకుని, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వింది. నవ్వు ఎక్కడ ఆగిందో ఏడుపు ఎక్కడ మొదలైందో ఐవీకి తెలియలేదు. ఆవిడ వెళ్లి వదిన వీపు మీద చెయ్యి వేసి నిలబడింది, తను కూడా అదే అవస్థలో.

గాడ్‌బోల్డ్‌కి సంగతంతా చెప్పేసరికి ఆయన ముఖం వాడిపోయింది. దగ్గరివాళ్లెవరో పోయిన కబురు విన్నట్టు కూర్చున్నాడు.

“అయితే హన్నా లేదా?” అన్నాడు చివరికి. “మా నాన్న చెప్పిన కథ అది. బళ్లో పిల్లలందరికీ చెప్పాను.”

“ఇక్కడ ఆడమనిషి ఉంది లెండి,” అంది ఐవీ. “బూట్లు ఆవిడవే. పైకెక్కలేదు, అంతే.”

ఆయన ఆ మాట కాసేపు ఆలోచించాడు. పంతులు కదా, కథ పాతదానికంటే బాగుందని ఒప్పుకోక తప్పలేదు. జేబులోంచి పెన్సిలు తీశాడు. “మరి కింద ఏమని రాయించమంటారు?” అని మ్యూరియల్‌ని అడిగాడు.

నాలుగేళ్లుగా ఆ ఘడియ కోసం ఎదురుచూసిన మనిషి మ్యూరియల్. ఏం రాయించాలో రాత్రిళ్లు ఎన్నోసార్లు అనుకుని పెట్టుకుంది కూడా. అయినా ఐవీ వైపు తిరిగింది.

“నువ్వు చెప్పు. వీణ్ణి చూసినదానివి నువ్వే.”

ఐవీ గొంతు సవరించుకుంది. “హెర్బర్ట్ థర్టిల్, పద్నాలుగేళ్లు. వాళ్లమ్మ ఆలిస్ బూట్లలో.”

గాడ్‌బోల్డ్ రాసుకున్నాడు. క్రిస్మస్‌కి ఈ గోడ కింద హాలీ దండ ఒకటి పెట్టుకోవచ్చా అని మ్యూరియల్ అడిగింది. మేకు తానే కొట్టి ఉంచుతానన్నాడు ఆయన.

తిరుగుదారిలో గోధుమ చేల మీద ఎండ వాలుతోంది. తిట్టాల్సిన తిట్లు ఐవీకి గుర్తున్నాయి, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు. మ్యూరియల్ సంచిలోంచి ఆ గోధుమరంగు కాగితం తీసింది. దాని మీద వేలితో చుట్టూ ఒకసారి గీసి, మడిచి మళ్లీ లోపల పెట్టింది.

“ఐవీ,” అంది.

“ఊఁ.”

“చిన్నప్పుడు ఎలా ఉండేవాడు?”

లోస్టాఫ్ట్ వైపు తిరగాల్సిన మలుపు వచ్చింది. ఐవీ దాన్ని వదిలేసి, ఊళ్ల మీదుగా చుట్టు తిరిగి వెళ్లే దారి పట్టింది.

“మా అన్నయ్య చిన్నప్పుడు...” అని మొదలుపెట్టింది.